త్రిశంకు పటాల పెట్టె: ప్రాజెక్టు డైరీ

1వ రోజు: ఏం కట్టాలి, ఎందుకు

ఏ3 సైజు వెలుగు పెట్టె ఒకటి కట్టాలి. పైన పరిచే నల్ల చార్టులో త్రిశంకు (దక్షిణాకాశంలో శిలువలా కనపడే నక్షత్రమండలం, ఇంగ్లీషులో సదరన్ క్రాస్) నక్షత్రాలు ఐదూ, వాటికి తూర్పున ఉండే ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ రెండూ చిల్లులుగా ఉంటాయి. ఆ చిల్లుల మీద ఒక్కొక్కటిగా వేసి చూసేందుకు పారదర్శక ఫిల్ములు: జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ వేసిన 1515 నాటి పటం, 1516లో అచ్చయిన కొర్సాలి బొమ్మ, 1603 నాటి బేయర్ పటం, 1756లో అచ్చయిన లకాయ్ పటం. ఫిల్ము వేయగానే రెండూ ఒకేసారి కనపడాలి: చుక్క నిజంగా ఉన్న చోటు, పటం గీసినవారు దాన్ని పెట్టిన చోటు.

త్రిశంకునే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ఈ నక్షత్రమండలాన్ని 1679లో అగస్టిన్ రోయే అనే ఫ్రెంచివాడు సృష్టించాడని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తున్నారు. అది తప్పు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టోలెమీ చేసిన పట్టికలోనే ఈ చుక్కలున్నాయి. కాకపోతే సగం మనిషి, సగం గుర్రం అయిన సెంటారస్ బొమ్మలో, గుర్రం వెనక కాళ్ల దగ్గర ఉన్నాయి. అంటే చుక్కలను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. పటం మీద ముందే ఉన్న చుక్కలను గుర్రం కాళ్లలోంచి విడదీసి, శిలువ అనే వేరే బొమ్మగా సరైన చోట గీయడానికి దాదాపు పద్నాలుగున్నర వందల ఏళ్లు పట్టింది. ఆ విడదీత ఎలా జరిగిందో స్కేలు పెట్టి కొలిచి చూపించాలన్నదే ఈ పెట్టె ఉద్దేశం.

మనవాళ్లకు ఇది చూడలేని ఆకాశమేం కాదు. మే నెల మధ్యలో రాత్రి 9 గంటలకు దక్షిణ దిక్కున అడ్డం లేని చోట నిలబడితే త్రిశంకు నిటారుగా కనిపిస్తుంది. అడుగున ఉండే ఆల్ఫా చుక్క హైదరాబాదులో దిక్చక్రానికి (నేలా ఆకాశం కలిసినట్టు కనపడే గీతకు) 9 డిగ్రీల ఎత్తులో, తిరుపతిలో 13 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చాచిన చేతి పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. కాబట్టి హైదరాబాదులో పిడికిలి కంటే కొంచెం తక్కువ, తిరుపతిలో పిడికిలి మీద ఒక బొటనవేలు.

2వ రోజు: చుక్కల షీటు

అన్నిటికీ ఆధారం ఈ షీటే. ఇది తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. 2000 సంవత్సరానికి లెక్కించిన స్థానాలు తీసుకున్నాం. విషువాంశ తూర్పు పడమరల కొలత, గంటల్లో. క్రాంతి ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) నుంచి ఉత్తర దక్షిణాల కొలత, డిగ్రీల్లో. ఇక్కడ అన్నీ దక్షిణ క్రాంతులే. చుక్కలకు గ్రీకు అక్షరాలే పేర్లు: శిలువ అడుగున ఆల్ఫా, తలన గామా, రెండు చేతుల్లో బీటా, డెల్టా, ఐదో చిన్న చుక్క ఎప్సిలాన్.

ఆల్ఫా: 12 గం. 26.6 ని., 63.10 డిగ్రీలు
బీటా: 12 గం. 47.7 ని., 59.69
గామా: 12 గం. 31.2 ని., 57.11
డెల్టా: 12 గం. 15.1 ని., 58.75
ఎప్సిలాన్: 12 గం. 21.4 ని., 60.40

స్కేలు: 1 డిగ్రీకి 15 మి.మీ. షీటు కేంద్రాన్ని త్రిశంకు మధ్యలో పెట్టలేదు. అలా పెడితే ఆల్ఫా సెంటారీ షీటు అంచుకు తోసుకుపోతుంది. ఆ చుక్క ఎంత అవసరమో 9వ రోజు పనిలో తెలుస్తుంది. అందుకే కేంద్రాన్ని 13 గం. 15 ని., 60 డిగ్రీల దక్షిణ క్రాంతి దగ్గర పెట్టాం. ప్రక్షేపం, అంటే గుండ్రటి ఆకాశాన్ని చదును కాగితం మీదికి దింపే పద్ధతి, స్టీరియోగ్రాఫిక్. కేంద్రం నుంచి చుక్క వరకు ఉన్న కోణ దూరంలో సగానికి టాంజెంట్ తీసి, రెండుతో గుణించి, ఆ వచ్చినదాన్ని 859.4తో గుణిస్తే మిల్లీమీటర్లలో దూరం వస్తుంది. గోళం నడిమి నుంచి సూటిగా పరిచే నోమోనిక్ పద్ధతి ముందు ప్రయత్నించాం. కేంద్రానికి 10 డిగ్రీల దూరంలో అది 3 శాతం సాగుతుంది, స్టీరియోగ్రాఫిక్‌లో 1 శాతం కూడా రాదు. శిలువ ఆకారం చెడకూడదు గనుక రెండోదే సరి.

గీసిన తర్వాత లెక్క సరిపోయిందో లేదో తేల్చడానికి చుక్కల మధ్య దూరాలు కొలవాలి. ఆల్ఫా నుంచి గామాకు 6.01 డిగ్రీలు, అంటే 90 మి.మీ. బీటా నుంచి డెల్టాకు 4.27 డిగ్రీలు, అంటే 64 మి.మీ. నిలువు కర్రను అడ్డ కర్రతో భాగిస్తే 1.41. ఈ 1.41 బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంఖ్య. ఏ పాత పటం దొరికినా, దాని స్కేలు తెలియకపోయినా, ఈ నిష్పత్తి ఒక్కటి కొలిస్తే గీసినవారు కొలత పెట్టి గీశారా, చూసిన గుర్తుతో గీశారా అన్నది సగం తేలిపోతుంది.

చిల్లుల సైజు: ప్రకాశం తరగతి ఒకటి తగ్గితే వ్యాసం 1 మి.మీ. తగ్గించాం. ఆల్ఫాకు 5 మి.మీ., బీటాకు 4.5, గామాకు 4.2, డెల్టాకు 3, ఎప్సిలాన్‌కు 2.2. నల్ల చార్టు కాగితాన్ని రెండు చెక్కల మధ్య బిగించి డ్రిల్లు పెడితే అంచు నున్నగా వస్తుంది. విడి కాగితానికి పెడితే చిరుగుతుంది.

4వ రోజు: పెట్టె

9 మి.మీ. ప్లైవుడ్. బయటి కొలత 460 × 340 మి.మీ., ఎత్తు 80. పైన 3 మి.మీ. పాలరంగు అక్రిలిక్ షీటు. లోపల 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు, మీటరుకు 60 దీపాలది, ఆరు వరుసలుగా, వరుసకూ వరుసకూ 50 మి.మీ. దూరం. మొత్తం రెండున్నర మీటర్లు పట్టింది. స్ట్రిప్పు ప్యాకెట్ మీద మీటరుకు ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. దాన్ని పొడవుతో గుణించి 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. దానికి మరో పావు వంతు కలిపి అడాప్టర్ కొనాలి.

ఎత్తు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. దీపాల వరుసల మధ్య ఎంత దూరముందో, దీపం నుంచి అక్రిలిక్‌కు కనీసం అంత దూరం ఉండాలి. పెట్టె పల్చగా అందంగా ఉంటుందని 40 మి.మీ. ఎత్తుతో కడితే అక్రిలిక్ మీద చారలు కనపడతాయి. మామూలు ట్రేసింగ్ పనికి ఆ చారలు అడ్డు కావు. ఇక్కడ మాత్రం కొంప ముంచుతాయి. చార మీద పడిన డెల్టా, చారల సందులో పడిన బీటా కంటే ఎక్కువ వెలుగుతుంది. చిల్లుల సైజు ఎంత జాగ్రత్తగా పెట్టినా చూసేవారికి ప్రకాశాల వరుస తారుమారవుతుంది. లోపలి గోడలకు తెల్ల రంగు వేయడం కూడా ఇందుకే.

ఫిల్ములు కదలకుండా మూడు ఇత్తడి పిన్నులు. రెండు పై అంచున, ఒకటి ఎడమ అంచున మధ్యకు కాస్త కిందగా. మూడూ సమానంగా పెట్టకపోవడం కావాలనే చేసింది. ఫిల్మును బోర్లా తిప్పితే పిన్నుల్లో కూర్చోకూడదు. కుడి ఎడమల తికమకే ఈ చరిత్రలో పెద్ద సమస్య. దాన్ని పెట్టె స్వయంగా పెంచకూడదు.

6వ రోజు: గళ్ల ఫిల్ములు

మొదటి ఆలోచన ప్రకారం ఒక్కో శతాబ్దానికి చుక్కలను మళ్లీ మళ్లీ గీయాలి. కాస్త కూర్చుని ఆలోచిస్తే దాని అవసరం లేదనిపించింది. అయన చలనం వల్ల కదిలేది చుక్కలు కాదు, మనం వాటిని కొలిచే గళ్లు. భూమి అక్షం మెల్లగా తిరుగుతుంటే ధ్రువం జరుగుతుంది, ధ్రువంతోపాటు విషువాంశ, క్రాంతి గీతలన్నీ జరుగుతాయి. కాబట్టి చుక్కల షీటు ఒక్కటే. క్రీ.శ. 137, 1500, 1603, 1750, 2000 సంవత్సరాలకు ఒక్కో గళ్ల ఫిల్ము.

గళ్లు గీశాక కనపడేది ఇది. 60 డిగ్రీల దక్షిణ క్రాంతి వృత్తం ఇవాళ త్రిశంకు మధ్యలోంచి, బీటా, ఎప్సిలాన్‌లను దాదాపు తాకుతూ పోతుంది. 1500 ఫిల్ము వేస్తే అదే వృత్తం అడుగు చుక్క ఆల్ఫా పక్కనుంచి పోతుంది. అప్పుడు ఆల్ఫా క్రాంతి 60.3. 1603లో 60.9, 1750లో 61.7, 2000లో 63.1. టోలెమీ పట్టిక కాలమైన 137కి వెళితే సుమారు 53. ఆల్ఫా విషువాంశ అప్పట్లో 10 గం. 55 ని. దగ్గర. అంటే ఆ ఫిల్ములో గళ్లు మన స్కేలు మీద 150 మి.మీ.కు పైగా జరిగిపోతాయి. ఏ3 షీటులో అంత దూరం కళ్లముందు జరగడం చూస్తే, అలెగ్జాండ్రియా వారికి ఈ చుక్కలు ఎలా కనపడ్డాయన్న ప్రశ్న దానంతటదే విడిపోతుంది. ఆ ఊరి అక్షాంశం 31.2. టోలెమీ కాలంలో ఆల్ఫా అక్కడ దిక్చక్రానికి దాదాపు 6 డిగ్రీల ఎత్తుకు వచ్చేది. ఇప్పుడు 4 డిగ్రీలకు పైగా కిందే ఉండిపోతుంది, అసలు ఉదయించదు.

1500 ఫిల్ములో ఇంకో సంగతి. ఆల్ఫా, గామా రెండింటి విషువాంశలూ 12 గంటల గీతకు ఆనుకుని ఉన్నాయి, ఒకటి 12 గం. మీద, రెండోది 12 గం. 4 ని. దగ్గర. కనుక నిలువు కర్ర నిటారుగా నిలిచిన క్షణమే అది మధ్యాహ్న రేఖ (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే గీత) దాటే క్షణం. పోర్చుగీసు నావికుల సూత్రం పుట్టింది ఇక్కడే: శిలువ నిటారుగా ఉన్నప్పుడు అడుగు చుక్క ఎత్తు కొలువు. సరిగ్గా 30 డిగ్రీలుంటే నువ్వు భూమధ్యరేఖ మీదున్నావు. 30 కంటే ఎంత ఎక్కువైతే అంత దక్షిణ అక్షాంశం, ఎంత తక్కువైతే అంత ఉత్తర అక్షాంశం. ధ్రువం నుంచి ఆల్ఫాకు అప్పటి దూరం 29.7 డిగ్రీలు కావడం వల్లే ఈ 30. ఆ దూరం ఇప్పుడు 26.8. ఎవరైనా ఆ పాత సూత్రాన్ని ఇవాళ వాడితే 3 డిగ్రీలకు పైగా, అంటే భూమి మీద సుమారు 360 కిలోమీటర్లు తప్పుతుంది. ఈ సూత్రాన్ని 1500 ఫిల్ము అంచున రాసిపెట్టాం. ఆ కాలపు పటాల వెనక ఉన్న అవసరం అర్థం కావాలంటే అది చదవాలి.

గళ్లు కదిలినా చుక్కలు పూర్తిగా నిశ్చలం కావు. ఆల్ఫా సెంటారీ మనకు బాగా దగ్గరి చుక్క, ఏడాదికి 3.7 కోణ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక కోణ సెకను) చొప్పున పడమరకు జరుగుతోంది. 1603లో అది ఇప్పటికంటే 0.4 డిగ్రీ తూర్పున ఉంది. షీటు మీద 6 మి.మీ. టోలెమీ కాలానికి 1.9 డిగ్రీలు, 28 మి.మీ. ఇది మరిచిపోతే తప్పంతా పాత పటం గీసినవారి మీద పడుతుంది. కాబట్టి ఆ ఒక్క చుక్కకు చిన్న చిల్లులు మూడు పెట్టి, పక్కన సంవత్సరాలు రాశాం. త్రిశంకులో వేగంగా కదిలేది గామా. అది కూడా 400 ఏళ్లలో 2 నిమిషాల కోణం లోపే, షీటు మీద అర మిల్లీమీటరు. వదిలేయవచ్చు.

7వ రోజు: ప్రింటింగ్ తిప్పలు

మొదటి ఫిల్ము 3 శాతం చిన్నదిగా వచ్చింది. ప్రింటర్ సెట్టింగులో ‘ఫిట్ టు పేజ్’ ఆన్‌లో ఉండిపోవడమే కారణం. దాన్ని తీసి 100 శాతం పెట్టాక కూడా తేడా పూర్తిగా పోలేదు. లేజర్ ప్రింటర్ వేడికి పారదర్శక ఫిల్ము కొద్దిగా కుంచించుకుపోతుంది, అదీ నిలువుకు, అడ్డానికి ఒకేలా కాదు. మందు ఇది: ప్రతి ఫిల్ము మీదా నిలువుగా 250 మి.మీ., అడ్డంగా 300 మి.మీ. గీతలు పెట్టి అచ్చు వేయాలి. ఫిల్ము చల్లారాక స్టీలు స్కేలుతో కొలవాలి. 300కు 299 వస్తే ఆ దిశలో 100.33 శాతానికి పెంచి మళ్లీ వేయాలి. ట్రేసింగ్ పేపర్ వాడాలని చూసేవారికి ఒక్క మాట: వానాకాలంలో అది తేమ పీల్చి సాగుతుంది. పాలిస్టర్ ఫిల్ముకు ఆ బాధ లేదు.

9వ రోజు: దిశ పరీక్ష

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ కాలం తిన్నది ఇదే, ఎక్కువ నేర్పిందీ ఇదే.

పాత ఆకాశ పటాలు రెండు రకాలు. ఒకటి నేల మీద నిలబడి పైకి చూసినట్టు గీసినవి. రెండోది ఆకాశమంతా ఒక గాజు గోళం అనుకుని, దాన్ని బయటినుంచి చూసినట్టు గీసినవి. గ్లోబుల మీద ఎప్పుడూ రెండో పద్ధతే. డ్యూరర్ పటం కూడా బయటి చూపే, అందుకే అందులో బొమ్మల వీపులు కనపడతాయి. బేయర్ పటాలు మాత్రం లోపలి చూపువి. ఒకదాని మీద ఒకటి పరిచి పోల్చాలంటే ముందు అన్నీ ఒకే చూపులోకి రావాలి.

అద్దం బొమ్మ కావడానికి కారణం చూపు ఒక్కటే కాదు. చెక్క దిమ్మె మీద బొమ్మను చూసింది చూసినట్టు చెక్కితే అచ్చులో అది కుడి ఎడమగా తిరిగి వస్తుంది. ఒక పుస్తకంలోని బొమ్మను ఇంకో పుస్తకానికి నకలు తీసే పనివాడు ఇది మరిచిపోతే ఒక తిరుగుడు. మళ్లీ నకలు తీస్తే రెండో తిరుగుడు, బొమ్మ మళ్లీ మొదటికొస్తుంది. కొర్సాలి బొమ్మను తర్వాతివారు నకళ్లు తీశారు. 1555లో లండన్‌లో రిచర్డ్ ఈడెన్ అచ్చు వేసిన ఇంగ్లీషు పుస్తకంలోనూ అది ఉంది. కాబట్టి ‘ఇది ఫలానావారి బొమ్మ, అందుకే ఫలానా చూపు’ అని తీర్మానించకూడదు. చేతిలో ఉన్న ప్రతికి పరీక్ష పెట్టాల్సిందే.

మూడో తిరుగుడు మన కంప్యూటర్‌లోనే ఉంది. స్కాన్ మీద చుక్క స్థానాన్ని పిక్సెళ్లలో చదివినప్పుడు నిలువు లెక్క పైనుంచి కిందికి పెరుగుతుంది. గ్రాఫులో కిందినుంచి పైకి పెరుగుతుంది. నిలువు విలువల గుర్తు మార్చకుండా స్ప్రెడ్‌షీటులో ఎక్కిస్తే మంచి పటం అద్దం బొమ్మగా, అద్దం బొమ్మ మంచి పటంగా తేలుతుంది. మొదటి రెండు రోజుల లెక్కలూ ఇలాగే పోయాయి. ఇప్పుడు స్ప్రెడ్‌షీటు మొదటి వరుసలోనే ‘నిలువు గుర్తు మార్చాను’ అన్న గడి పెట్టాం, అది నింపితేనే మిగతా లెక్క నడుస్తుంది.

మరి అద్దం బొమ్మో కాదో నాలుగు చుక్కలను చూసి చెప్పగలమా? చెప్పలేం. ఇక్కడే త్రిశంకు మోసం చేస్తుంది. నిలువు కర్రను సూటిగా నిలబెట్టి చూస్తే, ఆల్ఫా నుంచి పైకి 3.6 డిగ్రీల ఎత్తులో ఎడమకు 2.3 డిగ్రీల దూరాన బీటా, 4.1 డిగ్రీల ఎత్తులో కుడికి 1.9 డిగ్రీల దూరాన డెల్టా ఉంటాయి. ఎడమ కుడులు దాదాపు సమానం. బొమ్మను కుడి ఎడమగా తిప్పి అసలు మీద వేసినా ఒక్కో చేతి చుక్క 0.7 డిగ్రీ మాత్రమే తప్పుతుంది. 2 సెంటీమీటర్ల చెక్క అచ్చు బొమ్మలో అది 2 మి.మీ. పైచిలుకు, ఉలి కాస్త జారినా వచ్చే తేడా.

తేల్చేవి రెండే. మొదటిది ఎప్సిలాన్, ఐదో చుక్క. లోపలి చూపులో అది కుడివైపు కింద, డెల్టాకూ ఆల్ఫాకూ మధ్య ఉంటుంది. రెండోది ఆల్ఫా, బీటా సెంటారీల జత. లోపలి చూపులో, తల పైకి ఉన్నప్పుడు, అవి ఎడమవైపు ఉంటాయి. చేతికి అలవాటు కావాలంటే జెండాలు చూడండి. ఆస్ట్రేలియా జెండా మీద చిన్న ఐదో చుక్క కుడివైపు ఉంటుంది, లోపలి చూపు. బ్రెజిల్ జెండా మీద అదే చుక్క ఎడమవైపు ఉంటుంది, ఎందుకంటే 1889 నవంబర్ 15 ఉదయం రియో డి జనీరో మీద ఉన్న ఆకాశాన్ని గోళం బయటినుంచి చూసినట్టు గీశారు. న్యూజిలాండ్ జెండాలో ఉన్నవి నాలుగే చుక్కలు. దిశ పరీక్షకు అది పనికిరాదు.

12వ రోజు: బొమ్మను చుక్కల మీద కూర్చోబెట్టడం

స్కాన్ మీద చుక్క మధ్యను పిక్సెళ్లలో చదవడం, దాన్ని మన షీటు మిల్లీమీటర్లలోకి మార్చడం. జరపాలి, తిప్పాలి, పెంచాలి లేదా తగ్గించాలి. అద్దం తిప్పుడు ఇందులో ఉండకూడదు, అది ముందే తేలిపోయి ఉండాలి.

లెక్క స్ప్రెడ్‌షీటులో ఐదు నిమిషాల పని. స్కాన్ చుక్కల అడ్డ విలువల సగటు, నిలువు విలువల సగటు తీసి ప్రతిదానిలోంచి తగ్గించండి. అసలు చుక్కలకూ అలాగే. ఇప్పుడు ప్రతి చుక్కకూ స్కాన్ అడ్డం × అసలు అడ్డం, స్కాన్ నిలువు × అసలు నిలువు కలిపి, అన్ని చుక్కలకూ కూడితే వచ్చేది ‘క’. స్కాన్ అడ్డం × అసలు నిలువులోంచి స్కాన్ నిలువు × అసలు అడ్డం తీసేసి కూడితే ‘ఖ’. స్కాన్ అడ్డం వర్గం, నిలువు వర్గం కలిపి కూడితే ‘గ’. కను గతోనూ, ఖను గతోనూ భాగించండి. కొత్త అడ్డం = (క/గ) × స్కాన్ అడ్డం − (ఖ/గ) × స్కాన్ నిలువు. కొత్త నిలువు = (ఖ/గ) × స్కాన్ అడ్డం + (క/గ) × స్కాన్ నిలువు. కొత్త విలువకూ అసలు విలువకూ మిగిలిన తేడాయే ఆ పటం తప్పు.

నాలుగు చుక్కలతో కూర్చోబెడితే తప్పు చిన్నదిగా కనపడుతుంది, ఎందుకంటే తిప్పడం, జరపడం, స్కేలు మార్చడం అంతా ఆ నాలుగు చుక్కల తప్పును మింగేస్తుంది. సెంటారీల జతను కూడా కలిపి ఆరు చుక్కలతో చేయడం మంచిది. ఇంకా మంచిది, పటం అంచున డిగ్రీల గీతలుంటే వాటితోనే స్కేలు తీసుకుని, త్రిశంకును విడిగా కొలవడం. బేయర్ పటాలకు అలా చేయవచ్చు.

15వ రోజు: డ్యూరర్, కొర్సాలి ఫిల్ములు

డ్యూరర్ 1515లో చెక్క అచ్చుగా వేసిన దక్షిణ పటంలో, స్టాబియస్, హైన్‌ఫోగెల్ లెక్కలు చేసినదానిలో, ధ్రువం చుట్టూ పెద్ద ఖాళీ ఉంది. టోలెమీకి కనపడని ఆకాశం అది. సెంటారస్ ఉంది, శిలువ లేదు. ఈ ఫిల్మును తిప్పి అచ్చు వేశాం కనుక పటం మీది అక్షరాలు అద్దంలో లాగా తిరగబడి కనపడతాయి. వాటిని సరిచేయలేదు. తిరగబడిన అక్షరాలే ఈ పటం అసలు బయటి చూపుదని చెప్పే ఆనవాలు.

ఈ పటం గళ్లు మన గళ్లలాంటివి కావు. ఇది సూర్యమార్గపు ధ్రువాన్ని మధ్యలో పెట్టి గీసింది. దాని మీద మన క్రాంతి వృత్తాలు సరిపోలడం లేదని కంగారు పడనవసరం లేదు. సూర్యమార్గపు రేఖాంశం అయన చలనంతో జరుగుతుంది, అక్షాంశం దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి పాత పట్టికను కొత్త కాలానికి మార్చడానికి ఒకే సంఖ్యను కూడితే చాలు. వందల ఏళ్ల పాటు పటాలు గీసినవారు చేసింది ఈ కూడికే. ఆ కూడికలో ఒక లోపం: అయన చలనం వందేళ్లకు ఒక డిగ్రీ అని టోలెమీ లెక్క, నిజానికి 72 ఏళ్లకు ఒక డిగ్రీ.

కొర్సాలి బొమ్మ దీనికి పూర్తి వ్యతిరేకం. ఆండ్రియా కొర్సాలి ఫ్లోరెన్సు వాడు, పోర్చుగీసు ఓడ మీద హిందూ మహాసముద్రం దాటి వచ్చాడు. కొచ్చి నుంచి జులియానో డి మెడిచీకి రాసిన లేఖలో ఈ బొమ్మ గీశాడు, అది 1516లో ఫ్లోరెన్సులో అచ్చయింది. ధ్రువం, దాని చుట్టూ తిరిగే రెండు మేఘాలు (ఇవే మెగెల్లాన్ మేఘాలు), శిలువ. డిగ్రీలు లేవు, గళ్లు లేవు. ఇలాంటి బొమ్మకు మిల్లీమీటర్లలో తప్పు లెక్కగట్టడం అన్యాయం. నిలువు కర్ర, అడ్డ కర్ర నిష్పత్తి కొలిచి 1.41తో పోల్చడం, దిశ పరీక్ష పెట్టడం, ఈ రెండూ చేసి ఆపేశాం. ఈ ఫిల్ము ఒక్కటి చుక్కల మీద అతకదు, పక్కన పెట్టి చూడాల్సిందే. దీనికంటే ముందుది, 1500 మే 1న బ్రెజిల్ తీరం నుంచి వైద్యుడు, జ్యోతిష్కుడు మేష్ట్రె జువావ్ పోర్చుగల్ రాజు మాన్యుయెల్‌కు రాసిన లేఖలోని బొమ్మ. అది చేతి రాత, అచ్చు కాదు. దాని ఫిల్ము ఈ విడతలో చేయడం లేదు.

ఓడ మీద దక్షిణాకాశాన్ని చూసిన యాత్రికుడు గీసిన బొమ్మకూ, గదిలో కూర్చుని పట్టిక నుంచి గీసిన పటానికీ ఉన్న దూరం ఈ రెండు ఫిల్ములు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒకరికి శిలువ కనపడింది, కొలత లేదు. ఇంకొకరికి కొలత ఉంది, శిలువ కనపడలేదు.

18వ రోజు: మధ్యలో జరిగిన తప్పు

1592లో రెండుచోట్ల శిలువ వేరే మండలంగా కనపడింది, ఇంగ్లండులో ఎమెరీ మొలినెక్స్ గ్లోబు మీద, ఆమ్‌స్టర్‌డామ్‌లో పేత్రుస్ ప్లాన్షియస్ గోడ పటం మూలన ఉన్న చిన్న ఆకాశ పటంలో. రెండింటిలోనూ అది ఉండాల్సిన చోట లేదు. నావికుల మాటల వర్ణనలే తప్ప నమ్మదగిన కొలతలు లేకపోవడమే కారణం. ఇలాంటి తప్పులో ఒక విచిత్రం ఉంది: సెంటారస్ కాళ్ల చుక్కలు టోలెమీ పట్టిక ప్రకారం ఎలాగూ పటం మీద పడతాయి. శిలువను ఇంకోచోట గీస్తే ఆకాశంలో ఒక్కసారే ఉన్న చుక్కలు పటంలో రెండుసార్లు ఉంటాయి.

దాన్ని సరిచేసింది కొలత. 1595లో తూర్పు దీవులకు బయలుదేరిన మొదటి డచ్చి ఓడల్లో పీటర్ కైజర్, ఫ్రెడరిక్ డి హౌట్‌మన్ దక్షిణ చుక్కలను కొలిచారు. కైజర్ 1596లో జావా దగ్గరే చనిపోయాడు, కొలతలు మాత్రం ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. 1598లో ప్లాన్షియస్ గ్లోబు, 1600లో హోండియస్ గ్లోబు శిలువను సరైన చోట పెట్టాయి. డి హౌట్‌మన్ తన సొంత పట్టికను 1603లో మలయ్, మడగాస్కర్ భాషల నిఘంటువుకు అనుబంధంగా అచ్చు వేశాడు. అందులో త్రిశంకు చుక్కలు సెంటారస్ నుంచి విడిగా ఉన్నాయి.

20వ రోజు: బేయర్ ఫిల్ము

అదే 1603లో ఔగ్స్‌బర్గ్‌లో యోహాన్ బేయర్ ‘యురనోమెట్రియా’ వచ్చింది. 51 పటాలు, రాగి రేకు అచ్చులు. లిండా హాల్ లైబ్రరీ డిజిటల్ ప్రతి మన పనికి చాలు. సెంటారస్ పటంలో గుర్రం వెనక కాళ్ల మీద శిలువ గీసి ఉంది. కానీ చుక్కల అక్షరాలు సెంటారస్ వరుసలోవే. బొమ్మ విడిపోయింది, పేర్లు విడిపోలేదు. ఈ ఒక్క పటంలో ఆ సంధి దశ ఎంత స్పష్టంగా ఉందో చూస్తే, నాలుగు ఫిల్ముల్లో ఇదే విలువైనదనిపిస్తుంది.

కొలిచేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఒకటి, అంచున ఉన్న గీతలు సూర్యమార్గపు రేఖాంశాలు, రాశికి 30 డిగ్రీల చొప్పున. 1600 నాటికి ఆల్ఫా సాయన రేఖాంశం వృశ్చికంలో 6 డిగ్రీల పైచిలుకు, అక్షాంశం దక్షిణంగా 53కు కాస్త తక్కువ. మన పంచాంగాల నిరయన లెక్కతో దీన్ని కలపకూడదు. రెండు, రాగి రేకు అచ్చుకు కాగితాన్ని తడుపుతారు. ఆరాక అది ఒక దిశలో ఎక్కువ, ఇంకో దిశలో తక్కువ కుంచించుకుపోతుంది. నిలువు, అడ్డం స్కేళ్లు వేరువేరుగా అంచు గీతల నుంచే తీసుకోవాలి. 12వ రోజు చెప్పిన లెక్క ఒకే స్కేలు ఉందనుకుంటుంది, కనుక ముందు ఈ సవరణ, తర్వాత ఆ లెక్క. మూడు, పటం రెండు పేజీల మీద పరుచుకుని ఉంది, మధ్య మడత దగ్గర స్కాన్ వంగుతుంది. మడతకు దగ్గరి గీతల మధ్య దూరాన్ని అంచు దగ్గరి దూరంతో పోల్చి, తేడా కనపడితే ఆ భాగాన్ని విడిగా సరిచేయాలి.

23వ రోజు: లకాయ్ ఫిల్ము, మిగిలిన పని

నికోలా లూయీ ద లకాయ్ 1751, 1752లలో కేప్ ఆఫ్ గుడ్ హోప్ దగ్గర దాదాపు 10,000 దక్షిణ చుక్కలను కొలిచాడు, అదీ అర అంగుళం కటకం ఉన్న బుల్లి టెలిస్కోపుతో. ఇవాళ వాడుతున్న ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అక్షరాలు త్రిశంకుకు సొంతంగా ఇచ్చింది ఆయనే. అడుగు నుంచి మొదలుపెట్టి, లోపలి చూపులో గడియారం ముల్లు తిరిగే దిశలో వరస పెట్టాడు. కాబట్టి లకాయ్ ఇచ్చిన ఈ అక్షరాలున్న ఏ పటానికైనా ఇదే దిశ పరీక్ష: ఆల్ఫా నుంచి బీటా మీదుగా డెల్టాకు వేలు పోనిస్తే గడియారం ముల్లులా తిరిగిందా, లేదా. ఎప్సిలాన్ కోసం వెతకనక్కర్లేదు. 1750 గళ్ల ఫిల్ముతో కలిపి ఇది పిన్నుల్లో కూర్చుంది.

మన దగ్గరి సంగతి ఒకటి ఈ ఫిల్ము అంచున చేర్చాం. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో తోకచుక్కను గమనిస్తున్న జెసూట్ ఫాదర్ జాన్ రిషో, ఆల్ఫా సెంటారీ ఒకటి కాదు, జంట చుక్క అని చూశాడు. త్రిశంకు అడుగు చుక్క జంట అని అంతకు నాలుగేళ్ల ముందు, 1685లో, కేప్ దగ్గర ఇంకో జెసూట్ ఫాదర్ ఫోంతనే చూశాడు.

ఇంకా మిగిలినవి: అంతర్జాతీయ ఖగోళ సంఘం 1928లో ఒప్పుకున్న సరిహద్దుల ఫిల్ము. ఆ గీతలు 1875 గళ్లను పట్టి గీసినవి, కనుక దానికి 1875 గళ్ల ఫిల్ము విడిగా కావాలి. ఆ గీతల లోపల త్రిశంకుకు దక్కిన చోటు 68 చదరపు డిగ్రీలు, 88 మండలాల్లోకీ చిన్నది. మన స్కేలు మీద అది సుమారు 153 చదరపు సెంటీమీటర్లు. ఎడమ పిన్ను కాస్త వదులుగా ఉంది, దాన్ని అరల్డైట్‌తో బిగించి ఒక రోజు ఆరనివ్వాలి. ఎప్సిలాన్ చిల్లు అంచున కాగితం పీచు లేచింది, 2.2 మి.మీ. డ్రిల్లుతో మళ్లీ శుభ్రం చేయాలి.